మంచు కప్పిన మందిరాలు: జపాను అచ్చుచిత్రాలు, వాటి సేకర్తలు

టోక్యో నగరంలో షిబా అనే పేటలో జోజోజి అనే బౌద్ధాలయం కలదు. దాని ముఖద్వారం 1622లో కట్టినది, రెండంతస్తుల కొయ్యపని, సింధూరవర్ణం పూసినది. కవాసె హసుయి అనే చిత్రకారుడు 1925లో ఈ ద్వారాన్ని మంచుగాలిలో చిత్రించినాడు. ఎర్రని ద్వారం, ముందు ఒక సరళవృక్షం, గాలికి ఎదురుగా గొడుగు వంచి నడుస్తున్న ఒక స్త్రీ: చిత్రంలో ఇంతకు మించి ఏమీ లేదు. జపాను కొయ్యదిమ్మెల అచ్చుచిత్రాలను సేకరించేవారిలో ఈ చిత్రాన్ని ఎరుగనివారు ఉండరు. హసుయి రచనలలో మిక్కిలిగా అమ్ముడుపోయినవాటిలో ఇది ఒకటి.

అయితే దీనిని పటం కట్టించి గోడకు తగిలించుకొన్నవారిలో, దానిమీది సంవత్సరాన్ని ఆగి చదివినవారెందరు అన్నది సందేహమే. 1923 సెప్టెంబరు 1వ తేదీన భూకంపమూ, దాని వెంట చెలరేగిన అగ్నీ కలిసి టోక్యోలో చాలా భాగాన్ని బూడిద చేసినవి. హసుయి ఇల్లు పోయినది. ఏళ్ల తరబడి యాత్రలలో గీసికొన్న పుస్తకాలు పోయినవి. అతని చిత్రాలను ప్రకటిస్తుండిన వతనబె షోజబురో దుకాణంలోని దిమ్మెలు, అచ్చయి ఉన్న ప్రతులు కాలిపోయినవి. అటుపిమ్మట రెండేళ్లకు, మూడు శతాబ్దాలుగా నిలిచి ఈ ప్రళయంలోనూ కూలక మిగిలిన ద్వారాన్ని ఆ చిత్రకారుడు ఎంచుకొన్నాడు. ఆ స్త్రీ వంచిన గొడుగు వెనుక అంత కథ ఉన్నది. మంచు అందమైనదే. కాని మంచునే చూచి సంతోషించేవాడు చిత్రంలో సగమే కొన్నాడని చెప్పవలసి ఉంటుంది.

ఈ ఆలయచిత్రాలను గూర్చి కఠినమైన విమర్శ ఒకటి మొదటినుంచీ ఉన్నది. ఇవి విదేశీయుల కొరకు తయారైన సరకు. ఎన్నడూ లేని ఒక ప్రశాంతమైన జపానును, కరెంటు తీగెలూ కర్మాగారాలూ లేని జపానును, అమెరికావారి ముంగిట అమ్మకానికి పెట్టినవి అని ఆ విమర్శ సారాంశం. దీనిలో అసత్యం లేదు. వతనబె వర్తకుడు. అతడు ప్రోత్సహించిన ‘షిన్-హంగ’, అనగా నూతన ముద్రణ చిత్రకళ, కొనుగోలుదారులను ప్రధానంగా సముద్రానికి ఆవలనే వెదకికొన్నది. 1930లోను, 1936లోను అమెరికాలోని టొలీడో కళామ్యూజియంలో జరిగిన పెద్ద ప్రదర్శనలు ఆ అంగడిని మరింత విశాలం చేసినవి. గీసేవాడు ఒకడు, దిమ్మె చెక్కేవాడు ఒకడు, అచ్చువేసేవాడు ఒకడు, పెట్టుబడి పెట్టి అందరినీ నడిపేవాడు ఇంకొకడు. పెడనలో కలంకారీ అద్దకం చూచినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. అక్కడను దిమ్మె చెక్కే చేయి వేరు, బట్టమీద అద్దే చేయి వేరు. నలుగురి చేతిపని అయినంత మాత్రాన, అమ్మకానికి తయారైనంత మాత్రాన కళకు లోపం వచ్చునని చెప్పితే, లోకంలోని శిల్పంలో ముప్పాతికభాగాన్ని తోసివేయవలసి వస్తుంది. అసలు ప్రశ్న వేరు: ఈ చిత్రాలు ఆలయాన్ని గురించి నిజం చెప్పుచున్నవా, లేదా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకవలెనంటే హిరోషిగె దగ్గరకు వెళ్లక తప్పదు. 1797లో పుట్టి 1858లో గతించిన ఈ చిత్రకారుడు ఎడో నగరంలో అగ్నిమాపక దళపు చిన్న ఉద్యోగి కొడుకు. ఆ ఉద్యోగం తానూ కొంతకాలం చేసినాడు. అప్పటి ఎడోయే తరువాతి టోక్యో. ఆ నగరం మాటిమాటికీ తగులబడేది. నిప్పునుండి ఇండ్లను కాపాడే కుటుంబంలో పుట్టినవాడు, నిలిచి ఉన్న కట్టడాలను ఎట్టి కన్నుతో చూచి ఉండునో ఊహించుకోవచ్చును. 1855లో ఎడోలో పెద్ద భూకంపం వచ్చినది. మరుసటి ఏడు హిరోషిగె ‘ఎడో నూరు ప్రసిద్ధ దృశ్యాలు’ అనే చిత్రమాలను ఆరంభించినాడు. పేరుకు నూరైనా సంఖ్య నూరును దాటినది. అందులో అసకుస పేటలోని సెన్సోజి ఆలయచిత్రం ఒకటి. ఎడమ అంచున ముఖద్వారం, పైన సగానికి తెగి వ్రేలాడే పెద్ద ఎర్ర లాంతరు, దూరాన లోపలి ద్వారం, దానికి కుడివైపున అయిదంతస్తుల గోపురం, నడుమ మంచులో గొడుగులతో నడిచే జనం. ఎరుపు, తెలుపు తప్ప కన్ను వేరొకదానిమీద ఆగదు.

ఈ చిత్రంమీది ముద్రనుబట్టి ఇది 1856వ సంవత్సరం ఏడవ మాసంలో వెలువడినది. ఆ మాసంలో ఎడోలో మంచు కురవదు. మరి ఈ మంచు ఎక్కడిది? భూకంపంలో గోపురం కూలలేదు గాని, దాని కొసన ఉన్న తొమ్మిది కంకణాల లోహస్తంభం వంగిపోయినది. దానిని సరిచేసి నిలబెట్టినది ఈ చిత్రం వెలువడుటకు కొద్దిగా ముందే. చిత్రంలో ఆ స్తంభం నిటారుగా ఉన్నది. ఎరుపు తెలుపుల కలయిక జపానువారికి శుభకార్యాల వర్ణం. ఈ రెండింటినీ కలిపి చదివిన పరిశోధకులు ఇది ఋతువర్ణన మాత్రమే కాదనీ, ఊరు తిరిగి నిలదొక్కుకొన్నందుకు చేసిన మంగళవాచకమనీ చెప్పుతారు. ఈ వ్యాఖ్యను కాదనుటకు కారణం కనబడదు. అయితే పేరు పెట్టి చెప్పినది ఏదీ లేదు. భూకంపం అనే మాట చిత్రంలో ఎక్కడా లేదు. ఆనాటి కొనుగోలుదారుకు చెప్పవలసిన అవసరమూ లేకుండినది. తరువాతి కాలపు సేకర్తకే అది చెప్పవలసి వచ్చినది.

ఆ ముఖద్వారం 1865లో కాలిపోయినది. మళ్లీ శాశ్వతమైన కట్టడం లేచినది 1960లో. ప్రధానాలయం, గోపురం 1945 మార్చిలో విమానదాడులకు దగ్ధమైనవి. ఆలయాన్ని 1958 నాటికి కాంక్రీటుతో కట్టినారు. గోపురాన్ని 1973లో కట్టినారు గాని, కుడివైపున కాదు, ఎడమవైపున. హిరోషిగె చిత్రాన్ని చేతబట్టుకొని అసకుసకు వెళ్లేవానికి ఈనాడు చిత్రమూ కట్టడమూ అద్దంలో బింబమువలె తారుమారై కనబడుతవి. కాగితం మిగిలినది, కొయ్య మిగులలేదు.

కాబట్టి ఈ చిత్రాలు కట్టడాలకు సాక్ష్యపత్రాలు అని నిశ్చయించుటకు తొందరపడరాదు. అట్లు చదివితే ఇంకొక తప్పులో పడుట జరుగుతుంది. జపానులో ప్రసిద్ధస్థలాన్ని ‘మెయిషో’ అంటారు. అది చూచుటకు ముందే విన్న చోటు. తరతరాల కవులు ఫలానా కొండను మంచుతోను, ఫలానా నదిని మాపుల్ ఆకుల ఎరుపుతోను, ఫలానా తీరాన్ని వెన్నెలతోను ముడివేసి విడిచినారు. చిత్రకారుడు ఆ స్థలానికి వెళ్లేసరికి ఋతువూ వేళా అప్పటికే నిర్ణయమై ఉండేవి. ప్రబంధాలలో అష్టాదశవర్ణనలను ఎరిగిన తెలుగు పాఠకునికి ఇది కొత్త సంగతి కాదు. సూర్యోదయవర్ణన చేసిన కవి ఆనాటి ఉదయం లేచి చూచినాడా అని ఎవరూ అడుగరు. చెప్పినదే చెప్పుచున్నప్పుడు ఎవనిది ప్రతిభ, ఎవనిది పునరుక్తి అన్నదే అడుగుతారు.

దీనికి ఓమి మండలపు అష్టదృశ్యాలకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఈ ఎనిమిది దృశ్యాల కల్పన చైనాలోని షియావో, షియాంగ్ నదుల అష్టదృశ్యాలనుండి జపానుకు వచ్చినది. ఎనిమిదింటిలో ఒకటి మియిదెర ఆలయపు సాయంకాల ఘంట. శబ్దాన్ని చిత్రించుట ఎట్లు? 1830ల దశాబ్దంలో హిరోషిగె చిత్రించినప్పుడు ఘంటను గీయలేదు. కొండ, చెట్ల నడుమ ఆలయపు కప్పులు, వాటిమీదికి దిగుతున్న మసక: ఇంతే. అచ్చువేసేవాడు దిమ్మెమీద రంగును తడిగుడ్డతో క్రమంగా పలుచబరచి, నలుపును బూడిదరంగులోకి, బూడిదరంగును కాగితపు తెలుపులోకి కరిగించుట ఉన్నదే, అదే ఆ ఘంట. ఆనందవర్ధనుని సంప్రదాయంలో ధ్వని అనే మాటకు ఇంత సూటిగా సరిపడే చిత్రం అరుదు. వాచ్యం కొండ, వ్యంగ్యం నాదం. ఈ దృశ్యచిత్రాలలో ఆలయం దాదాపు ఎల్లప్పుడూ బయటినుంచే కనబడుతుంది, లోపలి మూర్తి కనబడదు, పూజ కనబడదు. భక్తుని కన్ను కోరే దర్శనం ఇక్కడ దొరకదని చెప్పవచ్చును. దొరికేది ఆలయం చుట్టూ ఉన్న వేళ.

మంచును గూర్చి ఇంకొక మాట. కప్పుమీది మంచు అచ్చువేసినది కాదు. ఆ భాగం దిమ్మెలలో చెక్కివేయబడుతుంది, రంగు తాకదు, కనబడేది వట్టి కాగితం. చుట్టూ ఉన్న నీలాన్ని, ఎరుపును సరిగా నిలిపితేనే ఆ ఖాళీ మంచుగా మారుతుంది. ఊరకే విడిచినచోటు వర్ణనకు ప్రాణమగుట రచయితలకు ఆలోచింపదగిన విషయం.

ఇక సేకర్త పని. ఒకే చిత్రానికి వందలు, వేలు ప్రతులుంటవి. ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. కొండచెర్రీ కొయ్యతో చేసిన దిమ్మె మొదట పదునుగా ఉంటుంది. వందలమారులు కాగితం రుద్దిన పిదప గీతలు మొద్దుబారుతవి. మొదటి ముద్రణలో చిత్రకారుడు దగ్గర నిలిచి ఆకాశపు రంగును మూడుచోట్ల పలుచబరపిస్తే, తరువాతి ముద్రణలో ప్రకాశకుడు ఖర్చు తగ్గించుటకై ఒకచోటనే సరిపెట్టుతాడు. హిరోషిగె నూరు దృశ్యాల తొలి ప్రతులకూ మలి ప్రతులకూ గల భేదం ముఖ్యంగా ఇక్కడనే తెలుస్తుంది. తాళపత్ర ప్రతులను పక్కపక్కన ఉంచి పాఠాంతరాలు గుర్తించే పరిష్కర్త పనికీ దీనికీ భేదం లేదు. వేమన పద్యాల ప్రతులను పోగుచేసి పండితులచేత సరిపోల్పించిన బ్రౌను దొరకు ఈ శ్రమ సులభంగా అర్థమయ్యేది. హసుయి చిత్రాల విషయంలో వతనబె సంస్థ ముద్ర సేకర్తకు దారి చూపుతుంది. కాలాన్నిబట్టి ముద్ర మారినది. ఆరు మిల్లీమీటర్ల గుండ్రని చిన్న ముద్ర ఉన్నదంటే అది యుద్ధానంతరపు ప్రతి అని పోల్చుకొంటారు. చిత్రకారుడు పోయిన తరువాత కూడా అచ్చులు పడినవి. అవి దొంగప్రతులు కావు, మొదటివీ కావు.

ఈ విద్యలో ఒక అపాయం పొంచి ఉన్నది. ముద్రల లెక్క బాగా తెలిసినవాడు ఒక్కొక్కసారి చిత్రాన్ని చూచుట మానుకొని అంచులనే చూస్తాడు. అంచు కత్తిరింపబడలేదు గదా, వెనుక జిగురు మరక లేదు గదా, రంగు వెలియలేదు గదా! ఛందస్సు తప్పులు వెదకుతూ పద్యాన్ని మరచిన పండితుడు ఇతనికి దగ్గరి చుట్టం.

రంగు వెలియుటను గూర్చిన భయం మాత్రం ఉత్తది కాదు. పూలనుండి తీసిన కొన్ని రంగులు వెలుతురు తగిలినకొద్దీ నశిస్తవి. బోస్టనుకు చెందిన స్పాల్డింగు సోదరులు పోగుచేసిన ఆరువేలకు పైగా అచ్చుచిత్రాలను 1921లో ఆ నగరపు లలితకళల మ్యూజియానికి ఇచ్చినప్పుడు, వాటిని ఎన్నడూ ప్రదర్శనలో పెట్టరాదని షరతు విధించినారు. లోకంలోకెల్ల రంగు చెడని జపాను చిత్రాల సంపుటాలలో అది ఒకటిగా ఈనాటికీ నిలిచి ఉన్నదంటే ఆ షరతే కారణం. గోడమీద వ్రేలాడదీయుటకు పుట్టిన బొమ్మలు కావివి. చేత పట్టుకొని, ఒకరిద్దరు కూర్చుండి చూచుటకు పుట్టినవి. అయినను చూడనీయక కాపాడుటలో ఏదో వెలితి తోచకపోదు.

స్పాల్డింగుల కొరకు 1913లో జపానులో ఈ చిత్రాలు కొనిపెట్టినవాడు ఫ్రాంక్ లాయడ్ రైట్ అనే వాస్తుశిల్పి. అతడు 1905లో మొదటిసారి జపాను వెళ్లినాడు. 1906లో షికాగోలో హిరోషిగె చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసినాడు. 1912లో ఈ కళమీద ఒక చిన్న పుస్తకం వ్రాసినాడు. కట్టడాలు కట్టేవాడు కట్టడాల బొమ్మలు కొనుటలో వింత లేదు. కాని రైటు మెచ్చుకొన్నది దూలాల కూర్పును కాదు. అనవసరమైనదాన్ని తొలగించే నేర్పును. తొలగింపే నిర్మాణం అనే ఎరుక అతనికి ఆ మంచు బొమ్మలు ఇచ్చి ఉండవచ్చును.

దీనికి పూర్తిగా ఎదుటి గట్టున ఉన్నవాడు యోషిద హిరోషి. ఇతడు తన కార్యశాలలో పనివాండ్రను దగ్గర నిలిచి నడిపించినాడు. తాను స్వయంగా పర్యవేక్షించిన ప్రతుల అంచున ‘స్వయంముద్రితం’ అనే అర్థమిచ్చే ముద్ర వేసేవాడు. నిక్కోలోని తోషోగు అనే షింతో ఆలయపు యోమెయి ద్వారాన్ని 1937లో చిత్రించినప్పుడు ఒక్క ప్రతికి 96 మారులు అచ్చు వేయవలసి వచ్చినది. ఆ ద్వారం నిండా శిల్పాలే. వాటిని ఒక్కటీ విడువలేదు. ఓర్పుకు నమస్కరించవలసినదే, కాని ఆ తొంభైఆరింటిలో యాభై విడిచి ఉంటే ద్వారం ఇంకా దగ్గరకు వచ్చేదేమో. యోషిద 1930–31లో భారతదేశంలో సంచరించి మదురను, అజంతాను కూడా అచ్చుచిత్రాలుగా వెలువరించినాడు. ఆనాడు అజంతా హైదరాబాదు సంస్థానంలోనిది. ఈ చిత్రాలు చూచిన భారతీయునికి ఒక సందేహం కలుగుతుంది: ఎండ ఇంత మెత్తగా ఉండునా? జపాను గాలిలోని తేమ దక్కను రాళ్లమీదికి వచ్చి చేరినట్లు తోస్తుంది. అజంతాతో జపానువారి సంబంధానికి అంతకుముందే ఒక విషాదకథ ఉన్నది. అరై కంపో మొదలైన చిత్రకారులు 1917–18 ప్రాంతంలో ఎంతో శ్రమించి అక్కడి కుడ్యచిత్రాలకు తీసిన నకళ్లు టోక్యో విశ్వవిద్యాలయంలో ఉండి, 1923 నాటి మంటలలోనే కాలిపోయినవి. హసుయి పుస్తకాలను మింగిన అగ్నియే బోధిసత్త్వుల నకళ్లనూ మింగినది.

అంగడిలో హసుయికి, యోషిదకు ఉన్న గిరాకీ లేకపోయినా, ఆలయం అంటే ఏమిటో ఎరిగినవాడు హిరత్సుక ఉనిచి. ఇతడు 1895లో మత్సుయె పట్టణంలో పుట్టినాడు. తండ్రి ఆలయాలు కట్టే వడ్రంగి, తాత ఇండ్లకూ ఆలయాలకూ నమూనాలు వేసినవాడు. గీయుట, చెక్కుట, అచ్చువేయుట మూడూ ఒక్క చేతితోనే జరుగవలెనన్న ‘సోసకు-హంగ’ పక్షానికి ఇతడు పెద్దదిక్కు. రంగులను దాదాపు విడిచిపెట్టి, నలుపు తెలుపులలో ఆలయాలను చెక్కినాడు. ఇతని కప్పుమీద ప్రతి పెంకూ బరువు తూగుతుంది. అందుకు కారణం లేకపోలేదు. ఇతడు పురాతన బౌద్ధాలయాల పెంకులను సేకరించేవాడు. కూలిన ఆలయాల మట్టిపెంకులు ఇంట పెట్టుకొని, నిలిచిన ఆలయాలను కొయ్యమీద చెక్కినవాడు ఈ చరిత్రలో ఇంకొకడు కనబడడు. ఇతర సేకర్తలు ఆలయపు బొమ్మను పోగుచేసినారు. ఇతడు ఆలయాన్నే పెంకు పెంకుగా పోగుచేసినాడు. హసుయి చిత్రంలో కప్పు మంచును మోస్తుంది. హిరత్సుక చిత్రంలో కప్పు తన్ను తాను మోస్తుంది. రెండూ నిజమే, కాని ఒకదానినే కొని రెండవదాన్ని ఎరుగని సేకర్త ఆలయాన్ని వాతావరణంగా మాత్రమే చూచినవాడవుతాడు.

సేకరణ చేయదగిన మేలు ఇటువంటిచోటనే ఉన్నది. రాబర్ట్ ముల్లర్ అనే అమెరికావాడు, హిరోషిగె వంటి పూర్వులనే గొప్పగా ఎంచే రోజులలో, తన కాలపు చిత్రకారులను కొనుటకు పూనుకొన్నాడు. 1940లో జపాను వెళ్లి వారిని కలిసికొన్నాడు. 2003లో అతడు గతించిన పిమ్మట నాలుగువేలకు పైగా చిత్రాలు వాషింగ్టనులోని శాక్లర్ చిత్రశాలకు చేరినవి. అంత రాశి ఒకచోట ఉన్నప్పుడే ఒకే ఆలయాన్ని వేరువేరు ఏండ్లలో పక్కపక్కన పెట్టుట సాధ్యం. ఒంటరి చిత్రం సౌందర్యాన్ని మాత్రమే చెప్పుతుంది. రెండవ చిత్రం పక్కన చేరినప్పుడు చరిత్ర నోరు విప్పుతుంది.

జోజోజి ద్వారాన్నే మళ్లీ చూడవచ్చును. 1945 దాడులలో ఆ ఆలయపు ప్రధానమందిరం, హిరోషిగె చిత్రించిన అయిదంతస్తుల గోపురం, తోకుగవ ప్రభువుల సమాధిమందిరాలలో అధికభాగం కాలిపోయినవి. ద్వారం మళ్లీ మిగిలినది. 1953లో జపాను ప్రభుత్వపు సాంస్కృతిక సంరక్షణ సంఘం, అచ్చుచిత్రపు పనితీరును అడుగడుగునా నమోదు చేయించుటకై హసుయిచేత ఒక చిత్రాన్ని వేయించినది. డెబ్బదేండ్ల వయసులో అతడు మళ్లీ ఆ ద్వారాన్నే, మళ్లీ మంచులోనే గీసినాడు. కాని ఈసారి ద్వారం ముందుకు రాలేదు, వెనుకకు జరిగినది. ముందు ట్రాము కొరకు గొడుగులతో వేచియున్న మామూలు మనుష్యులు నిలిచినారు. తీగెలూ బండ్లూ లేని జపానును అమ్మినాడన్న నిందకు ఇంతకంటె నిదానమైన సమాధానం అతడు ఇచ్చి ఉండలేడు. సేకర్తలు మాత్రం 1925 నాటి ఒంటరి స్త్రీనే ఎక్కువగా కోరుతారు. ఈ ఎంపిక వారిని గూర్చి చెప్పినంతగా ఆ చిత్రాలను గూర్చి చెప్పదు.

హసుయి చివరి చిత్రం హిరయిజుమిలోని కొంజికిదో, అనగా సువర్ణమందిరం. 1124లో కట్టిన ఆ మందిరం లోపలా బయటా బంగారుతొడుగు కలది. దానిని ఎండవానలనుండి కాపాడుటకు పైన ఒక కొయ్యమండపాన్ని కప్పుగా కట్టినారు. చిత్రంలో కనబడేది ఆ నల్లని మండపమే. మంచు కురుస్తున్నది, మెట్లమీద ఒక సన్న్యాసి వీపు మాత్రం కనబడేటట్లు పైకి నడుస్తున్నాడు. బంగారం ఎక్కడా లేదు. 1957 నవంబరులో హసుయి మరణించునప్పటికి అచ్చు పూర్తి కాలేదు. వతనబె దానిని ముగించి, సంస్మరణదినాన ఆప్తులకు పంచిపెట్టినాడు. 1960ల దశాబ్దంలో ఆ పాత మండపాన్ని విప్పి సమీపంలో ఇంకొకచోట నిలిపినారు. సువర్ణమందిరంపైన ఇప్పుడున్నది కాంక్రీటు కట్టడం.